వెనక నిలబడేవాడు

ఫిబ్రవరి 4

తమ్ముడికి,

ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున, ఆరాధన మొదలయ్యే ముందు, ఆర్గన్ మూత మీద అరచెయ్యి పెట్టి నువ్వు నాకొక మాట ఇచ్చావు. "వదిన వెనక నేనుంటాను. నువ్వు నిశ్చింతగా వాయించుకో అన్నయ్యా" అన్నావు. ఆ మాట గంటన్నర నిలిచింది.

నీ ఆహ్వాన పత్రిక అందింది. మెరిసే కాగితం, బంగారు అంచు. ఒక పక్క అంచు వెడల్పు ఎక్కువైంది. కోసినవాడి కత్తికి పదును లేదు. "ప్రార్థనలో పడిపోయేవారిని ముప్పై అయిదేళ్లుగా పట్టుకుంటున్న మా సహోదరునికి సన్మానం" అని అచ్చు వేయించారు. చదివి నవ్వాను. నేను నవ్వడం అరుదు కాబట్టి మావాడు పక్కగదిలోంచి వచ్చి, ఏమైందోనని చూసి వెళ్లాడు.

నీకు మతిమరుపు వచ్చి ఉంటే గుర్తు చేస్తాను. మన పాస్టరు పాటల మధ్య ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి నుదుటి మీద చెయ్యి ఉంచేవాడు. ఆత్మ దిగితే మనిషి కట్టెలా వెనక్కి పడతాడు. పడతాడని సభకంతా తెలుసు, వరసలో నిలబడ్డవాడికీ తెలుసు. పట్టుకోవడానికి వెనక ఒక బలమైనవాడు ఉంటాడనీ తెలుసు. ఆ బలమైనవాడివి నువ్వు. వడ్రంగి చేతులు కదా. నేను సభకు వీపు పెట్టి ఆర్గన్ దగ్గర కూర్చునేవాణ్ణి. పాస్టరు చెయ్యి ఎప్పుడు లేస్తుందో కనిపించాలని పాత స్కూటరు అద్దం ఒకటి నువ్వే ఆర్గన్ మీద బిగించి ఇచ్చావు. ఆ అద్దంలోనే చూశాను. మీ వదిన వెనక నువ్వు లేవు. రెండడుగులు పక్కన, చేతులు కట్టుకుని, తెలియనివాళ్ల పెళ్లికి వచ్చినవాడిలా నిలబడి ఉన్నావు.

ఆమె పడింది. వేదిక మెట్టు రాతి అంచుకు తల తగిలింది. లావుపాటి పుస్తకం కుట్టాక దాని వెన్ను గుండ్రంగా రావడానికి సుత్తితో కొడతాను చూడు, అచ్చం ఆ చప్పుడు. అప్పటినుంచి రోజూ ఆ చప్పుడు నా చేతులతో నేనే చేసుకుంటూ బతికాను. చెవిలోంచి నెత్తురు వచ్చి మెట్టు మీదినుంచి కారుతుంటే జనం స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉన్నారు. పదకొండు రోజులు కళ్లు తెరవలేదు. పన్నెండో రోజు పెట్టె నువ్వే చేశావు. మూత చక్కగా అమరింది. నీ పనికి వంక పెట్టడానికి లేదు.

అప్పటికి మావాడికి అయిదేళ్లు. వాడి దగ్గర నేనేమీ దాచలేదు. మీ అమ్మను చంపింది మీ బాబాయి చేతులు అని ముద్ద ముద్దకీ చెప్పి పెంచాను. ఇప్పుడు వాడు పైపుల పని చేస్తున్నాడు. పెళ్లి వద్దన్నాడు. మాటలు తక్కువ. నీ పత్రిక వాడికీ చూపించాను.

ప్రేమతో అని రాయడం నా వల్ల కాదు.

పుస్తకాలు కుట్టేవాడు


ఫిబ్రవరి 19

ప్రియమైన అన్నయ్యకు,

ప్రభువు నామంలో వందనాలు. అవి నీకు గిట్టవని తెలుసు. చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది.

తొమ్మిదేళ్ల తర్వాత నీ ఉత్తరం. మొదటిసారి విషయం కోసం చదివాను, రెండోసారి అక్షరాల కోసం. ఇంకా అచ్చు గుద్దినట్టే ఉన్నాయి. మీ మరదలు కూడా చదివి, "తిట్లయినా ముత్యాల్లా రాస్తారు బావగారు" అంది. మీ ఇద్దరికీ ఎప్పుడూ పడదు గాని, అక్షరాల దగ్గర మాత్రం ఆవిడ నీ పక్షమే.

ఈ సన్మానం నేను అడిగింది కాదు. ఉన్నమాట చెప్పాలంటే, నన్ను సాగనంపడానికి పెట్టుకున్నారు. కొత్త పాస్టరు కొత్త హాలు కట్టించాడు. డ్రమ్ములు, రంగు దీపాలు, పొగ వదిలే యంత్రం కూడా వచ్చాయి. మొదటిరోజు ఆ పొగ చూసి, వైర్లు కాలుతున్నాయని నేను మెయిన్ ఆపేశాను. సగం పాటలో అందరికీ ఆత్మ ఆగిపోయింది. మీ మరదలు ఇప్పటికీ తలుచుకుని నవ్వుతుంది. ఇకనుంచి పడేవాళ్ల వెనక పరుపులు వేస్తారట. "మీకు వయసైంది, కూర్చుని ఆరాధించండి" అన్నాడు పాస్టరు. ముప్పై ఒక్క ఏళ్లుగా నేను ఒక్క ఆదివారం కూర్చోలేదు అన్నయ్యా. జ్వరంలో కూడా వెళ్లి నిలబడ్డాను. మనుషులు వెనక్కి పడేటప్పుడు వాళ్ల బరువు చేతుల మీదికి ఎలా వస్తుందో నాకు తెలుసు. ఊరందరి బరువూ తెలుసు. వదిన బరువు ఒక్కటే తెలియదు.

నన్ను హంతకుడన్నావు, అను. కాని నేను ఎందుకు పక్కకు జరిగానో నువ్వు ఏనాడూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదనుకో, చెప్పనని మాట ఇచ్చాను. ఒక్కటి మాత్రం అనగలను. ఆ రోజు తప్పు నా ఒక్కడిదీ కాదు.

అబ్బాయిని చూడాలని ఉంది. మార్చి పదిహేను, ఆదివారం, పది గంటలకు. వాణ్ణి పంపు. నా పనిముట్లలో మంచివి కొన్ని వాడికిద్దామని తీసి పెట్టాను. పైపుల పనికైనా ఉలి అవసరమే కదా.

నీ తమ్ముడు


మార్చి 2

తమ్ముడూ,

"తప్పు నా ఒక్కడిదీ కాదు." ఈ వాక్యం నేను చాలా పుస్తకాల్లో చదివాను. ఓడిపోయిన సేనాపతులు రాసుకున్న జీవిత చరిత్రల్లో ఉంటుంది. పెళ్లాన్ని కొట్టి చంపినవాళ్లు కోర్టులో చెప్పుకునే మాటల్లో ఉంటుంది. వాళ్ల మధ్య నీకూ ఒక కుర్చీ వేశాను, కూర్చో.

నీ ఒక్కడిదీ కాకపోతే మరెవరిది? మూడు రోజుల ఉపవాసంతో కాళ్లు వణుకుతూ వరసలో నిలబడ్డదానిదా? ఆమె నోరు లేని చోట ఉంది కాబట్టి సగం ఆమె నెత్తిన పెడదామనుకున్నావా?

ఎవరికి మాట ఇచ్చావో ఊహించలేని వెర్రివాణ్ణి కాను. పాత పాస్టరుకే. విశ్వాసం ఉన్నవాళ్ల వెనక మనిషి అక్కర్లేదని ఆయన నీ చెవిలో ఊది ఉంటాడు. నువ్వు తోక ఆడించుకుంటూ పక్కకు జరిగి ఉంటావు. జుట్టుకు రంగు, గొంతుకు తేనె, ఏడుపు కావలసినప్పుడు కళ్లకు తడి. ఆయన మంచంలో తీసుకుని తీసుకుని పోయాడని విన్నాను. మా వీధివాళ్లు విచారించారు. నేను ఆ రోజు రెండు పుస్తకాలు ఎక్కువ కుట్టాను.

నీ ఉత్తరం మావాడికి పైకి చదివి వినిపించాను. వాడప్పుడే పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. నేను చదివినంతసేపూ కొళాయి కట్టలేదు. "మళ్లీ చదువు నాన్నా" అన్నాడు. చదివాను.

"ఎన్నింటికి మొదలవుతుంది?"

"పదింటికి."

మా మధ్య అంతే మాట. వాడు వస్తాడు. నీ ఉలులు వాడికి అక్కర్లేదు, వాడి పనిముట్లు వాడికున్నాయి. నేను వాణ్ణి పంపలేదు. ఆపనూ లేదు.

నీ అన్న అనిపించుకున్నవాడు


మార్చి 18

అన్నయ్యకు,

ఇది మీ మరదలి చేతిరాత. నేను చెబుతుంటే రాస్తోంది, నేను రాయలేకపోతున్నాను.

ముందు అసలు మాట. అబ్బాయి బతికే ఉన్నాడు. మొన్న ఆరాధనలో గొడవ జరిగింది. సంఘం వాళ్లు వాణ్ణి కొట్టారు. దవడ రెండు చోట్ల విరిగింది, పక్కటెముకలు మూడు. దవడ కదలకుండా తీగలతో కట్టారు. ఆరు వారాలు మాట్లాడకూడదు, నమలకూడదు. కన్ను పోలేదు, అది మాత్రం నమ్మకంగా చెప్పారు. రేపు గురువారం అంబులెన్సులో మీ ఇంటికి పంపిస్తున్నాను. పాలూ జావా స్ట్రాతో పట్టాలి. బలవంతాన లేపి కూర్చోబెట్టకు. పోలీసులు వచ్చి వెళ్లారు, చెప్పవలసింది చెప్పాను. వాడి మీద కేసు ఉండదు.

వాణ్ణి ఇప్పుడేమీ అడగకు. మిగతాది కొంచెం కుదుటపడ్డాక రాయిస్తాను.

నీ తమ్ముడు


మార్చి 23

తమ్ముడూ,

వచ్చాడు. ఇద్దరు మోసుకొచ్చి మంచం మీద దింపారు. ముఖం ముఖంలా లేదు. ఎడమ కన్ను ఉన్నచోట నల్లటి ఉబ్బు. పెదవి ముక్కు దాకా చీలితే కుట్టారు. ఆ కుట్లు చూస్తే నా చేతులు సిగ్గుపడ్డాయి, గోనెసంచినైనా అంతకన్నా శుభ్రంగా కుడతాను. మెడ కింద కుర్చీ కాలు దిగిన గుంట ఉంది, గుండ్రంగా. పళ్లు నాలుగు లేవు.

మీ దేవుడి పిల్లలు చేసిన పని ఇది. పాటలు పాడిన నోళ్లు, ఆరాధనలో పైకెత్తిన చేతులు. పాట పైస్థాయికి వెళ్లినప్పుడు మనిషిని ఏడిపించనూ వచ్చు, చంపించనూ వచ్చు. నేను ఇరవై ఏళ్లు ఆర్గన్ ముందు కూర్చుని చూసినవాణ్ణి, ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

ఏం జరిగిందిరా అంటే గోడ వైపు తిరిగాడు.

నువ్వు చెప్పు. వాణ్ణి కుర్చీలతో కొడుతుంటే నువ్వెక్కడున్నావు? ఈసారి కూడా రెండడుగులు పక్కకు జరిగావా? చేతులు కట్టుకున్నావా? చివరికి ఉత్తరం కూడా పెళ్లాం చేత రాయించుకున్నావు. దండలు మోసి చేతులు నొప్పెట్టాయా? "వాడి మీద కేసు ఉండదు" అట. దెబ్బలు తిన్నవాడి మీద కేసు లేకుండా చూసిన పుణ్యాత్ముడివి. కేసు నేను పెడతాను. నీ పేరుతో మొదలుపెట్టి వరసగా సంఘం మొత్తాన్ని రాస్తాను. పోలీసులకు కాగితం సిద్ధం చేశాను. వారంలోగా నీ జవాబు రాకపోతే పంపుతాను.

సంతకం అనవసరం


మార్చి 29

బావగారికి,

మొదటి నాలుగు మాటలు నావి. ఆయన వద్దంటున్నారు, కాని కలం నా చేతిలో ఉంది. ఆయన చేతులు కట్టుకోలేరు. రెండు మణికట్లూ పిండి అయిపోయాయి. లోపల రేకులు వేసి మరలు బిగించారు. ఇక ఉలి పట్టలేరని డాక్టరు చెప్పాడు. పగలగొట్టింది మీ అబ్బాయి. ఆ సంగతి మీకు రాయొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. మీ ఇంట్లో ఒట్లు పెట్టుకుని బాగుపడ్డవాళ్లు లేరు, అందుకని నేను తప్పుతున్నాను. ఇకనుంచి ఆయన చెప్పేదే.

అన్నయ్యా, ఈవిడ రాసేసింది కాబట్టి మొత్తం చెబుతాను. వాడు తొమ్మిదిన్నరకే వచ్చాడు. భుజానికి పనిసంచీ. గుమ్మంలోనే గుర్తుపట్టాను, నడక నీదే. కొత్త పరుపులు ఇంకా రాలేదు, ఆ రోజుకి నన్నే నిలబడమన్నారు. ప్రార్థన వరసలో వాడు కూడా వచ్చి నిలబడ్డాడు. సంతోషపడ్డాను, నా వెర్రి. వాడి వంతు వచ్చింది, వెనక నేను చేతులు చాపాను. పాస్టరు వాడి నుదుటి మీద చెయ్యి పెట్టబోతుంటే వాడు నా వైపు తిరిగాడు. సంచీలోంచి పెద్ద రెంచీ తీశాడు.

"ఈ చేతులేనా బాబాయ్?" అన్నాడు.

నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఇప్పటికీ చెప్పలేను. కుడి మీద రెండు, ఎడమ మీద రెండు. ఎముక విరిగినప్పుడు ఎండు టేకు చీలిన చప్పుడు వచ్చింది. అప్పటికీ డ్రమ్ములు ఆగలేదు. నేను మోకాళ్ల మీద కూలబడ్డాను, జనం చప్పట్లు కొట్టారు. ఆత్మ నా మీద దిగిందనుకున్నారు. పొగలో వాళ్లకు కనబడింది అదే, వాళ్లు ఎదురుచూస్తున్నదీ అదే. పాస్టరు మైకులో హల్లెలూయ అన్నాడు. ముందు వరసలో ఒకావిడ చీర మీద నెత్తురు చిందాక గాని కేక పుట్టలేదు.

అప్పుడు మీద పడ్డారు. అంతవరకు ఏడుస్తున్నవాళ్లే, ఆ ఏడుపు ఆపకుండానే కొట్టారు. కుర్చీలతో, మైకు కర్రతో, బూట్లతో. సాతాను, సాతాను అంటూ. వాడు రెంచీ కింద పడేసి ఊరికే దెబ్బలు తిన్నాడు. నేను వాడి మీద పడుకున్నాను. పట్టుకోవడానికి చేతులు లేవు కాబట్టి ఒళ్లంతా వేశాను. నా వీపు మీద పడినవి లెక్కలేదు. నా తెల్లచొక్కా చూసి గుర్తుపట్టి ఆగారు.

పోలీసులకు, వేదిక మీదినుంచి జారి పడ్డానని చెప్పాను. అబద్ధమే. సంఘం వాళ్లూ అదే చెప్పారు, వాళ్ల చేతులకూ నెత్తురు అంటింది కదా. నువ్వు కాగితం పంపితే ముందు లోపలికి వెళ్లేది వాడే. ఆలోచించుకో.

ఇక రెండో ఒట్టు కూడా నేనే తప్పుతాను. పాత పాస్టరు నాకేమీ చెప్పలేదు. ఆ రోజు పక్కకు జరగమన్నది వదిన. పాటల మధ్యలో నా దగ్గరికి వచ్చింది. మొహం కడిగిన అద్దంలా ఉంది.

"ఇవాళ నా వెనక నిలబడకు మరిదీ" అంది.

"అదేంటి వదినా, అన్నయ్య మరీ మరీ చెప్పాడు" అన్నాను.

"వెనక నిన్ను చూసుకునే పడతానంటున్నారు మీ అన్నయ్య. ఎవరూ లేకుండా పడతాను, ఆయన అద్దంలో చూస్తారుగా. నాకేమీ కాదు. ఈ మాట ఆయనకు చెప్పకు, గెలిచాక నేనే చెబుతాను."

ఒట్టు వేయించుకుంది. వేశాను. ఆమె నమ్మకం చూస్తే ఎవడైనా వేస్తాడు. తర్వాత, పోయినదాని గురించి నీ దగ్గర ఎలా చెప్పను? మూర్ఖురాలని తిట్టుకుంటావని నోరు మూసుకున్నాను. నన్ను తిట్టుకుంటే ఆమె నీకు మంచిగా మిగులుతుందనుకున్నాను.

ఇప్పుడు నీ దగ్గర నాకొక్కటే కావాలి. ఇది అబ్బాయికి చెప్పు. వాడు నా చేతులు విరగ్గొట్టినందుకు కాదు. ఒక అబద్ధం కోసం మనుషుల్ని కొట్టే చేతులు వాడికి అలవాటు కాకూడదు. నేను చెబితే నమ్మడు, నువ్వు చెబితే నమ్ముతాడు. వాడికి నువ్వు తప్ప ఎవరూ లేరని తెలుసు. నీకూ వాడు తప్ప ఎవరూ లేరని తెలుసు. అయినా చెప్పు.

నీ తమ్ముడు, మీ మరదలి చేత్తో


ఏప్రిల్ 9

తమ్ముడూ,

ఈ అక్షరాలు ఎడమ చేతివి. మీ ఆవిడను నవ్వుకోమను.

పోలీసుల కాగితం చింపేశాను. నీ ఉత్తరం నాలుగు రోజులు పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను. నీ దగ్గరున్నది సగమే. రెండో సగం నా దగ్గర ఉంది, అది ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దున ఇంట్లో మాకు గొడవైంది. ఆరాధనలో తన మీదికి వచ్చే దాని గురించి ఆమె చెబుతోంది, కళ్లు మూసుకుని, నేనెప్పుడూ తేలేని వెలుగు ఒకటి ముఖంలో పెట్టుకుని. నాకు ఒళ్లు మండింది. అది ఆత్మ కాదు, నా వేళ్లు అన్నాను. పల్లవి రెండుసార్లు కింద తిప్పి, మూడోసారి స్వరం అరమెట్టు పైకి లేపితే ఎవరైనా ఏడుస్తారు, నీ ఒక్కదానికే ప్రత్యేకంగా దిగిరావడం లేదు అన్నాను. వెనక మరిది ఉన్నాడో లేడో చూసుకుని పడతావు, నీ ఆత్మకు కూడా చూపు ఉంది అన్నాను. "ఇవాళ నేను పడెయ్యాలనుకున్నప్పుడే పడతావు, చూసుకో" అన్నాను. ఆమె పిల్లవాడికి తల దువ్వి బయలుదేరింది.

నీ దగ్గర మాట తీసుకున్నది అందుకే. ఉపవాసంతో నీరసంగా ఉందన్నది నీకు చెప్పిన సాకు. ఆమెను పడెయ్యబోతున్నాను కాబట్టి వెనక నువ్వు ఉండాలి.

పాస్టరు చెయ్యి ఆమె నుదుటి మీద ఉన్నంతసేపూ పాటను పైకి పోనివ్వకుండా ఆపి ఉంచాను. మొదటి పల్లవికి ఊగింది, నేను వదల్లేదు. రెండో పల్లవికి మోకాళ్లు వణికాయి, వదల్లేదు. మూడోదానికి అరమెట్టు లేపి, రెండు చేతుల నిండా ఆర్గన్ మెట్లు ఒక్కసారిగా నొక్కి, పాదంతో గాలి పూర్తిగా వదిలాను. హాలు కిటికీలు అదిరాయి. అద్దంలో ఆమె వెనక్కి వెళ్లడం చూశాను. చూసి, తమ్ముడూ, ఒక క్షణం సంతోషించాను. ఆ తర్వాతే నువ్వు పక్కన చేతులు కట్టుకుని కనబడ్డావు.

ఇదంతా మావాడికి చెప్పాను. నిన్న పొద్దున, వాడి మంచం పక్కన స్టూలు వేసుకుని, నీ ఉత్తరం చదివి, నా సగం కలిపి చెప్పాను. వాడు కాగితం పెన్సిల్ ఇమ్మని సైగ చేశాడు. చాలాసేపు పట్టి ఒక్క వాక్యం రాశాడు.

"అయితే నేను ఎవరిని కొట్టాల్సింది?"

 లేచి పనిగదిలోకి వెళ్లాను. అక్కడ పుస్తకాలు నొక్కిపెట్టే ఇనుప ప్రెస్సు ఉంది, నీకు తెలుసు కదా, పైన చక్రం తిప్పితే పలక కిందికి దిగుతుంది. కుడిచెయ్యి పలక కింద పెట్టి కూర్చున్నాను. కొంతసేపటికి వాడు గోడ పట్టుకుని వచ్చాడు. చూశాడు. నా కళ్లలోకి కాదు, చేతికేసి. పక్కటెముకలు విరిగినవాడు, ఊపిరి తీస్తే మూలిగేవాడు, రెండు చేతులతో చక్రం పట్టుకున్నాడు. మొదటి చుట్టుకి వేళ్లు పలకకి అతుక్కున్నాయి. రెండో చుట్టుకి నాలుగూ పగిలాయి. గోళ్ల కింది నుంచి వచ్చిన నెత్తురు కింద ఉన్న అట్ట మీద పరుచుకుంది. నేను అరిచాననుకుంటాను, వీధిలో ఎవరో తలుపు తీశారు. మూడో చుట్టు దగ్గర వాడు ఆగాడు. చక్రం వెనక్కి తిప్పి, నా చెయ్యి బయటికి తీసి, తన తువ్వాలు చుట్టి, ఆటో పిలవడానికి రోడ్డు మీదికి నడిచాడు. మూడో పల్లవి దగ్గర నేను ఆగలేదు. వాడు నా కొడుకని అందుకే నమ్మలేకపోతున్నాను.

ఇవాళ సంచీ సర్దుకుంటున్నాడు. మీ దగ్గరికి వస్తున్నాడు. నీకు ముద్ద పెట్టడానికి మనిషి కావాలి కదా అని రాసి చూపించాడు. మీ ఆవిడ తలుపు తీస్తుందో లేదో వాళ్లిద్దరూ తేల్చుకుంటారు. ఇక ఈ ఇంట్లో నేను, పుస్తకాలు. తెరిచి పట్టుకోవడానికి ఒక చెయ్యి చాలు.

నీ మీది నేరం కొట్టేశాను. పాత పాస్టరు మీద ఉన్నది ఉంచుకుంటాను గాని, అది చిల్లర నేరం. నన్ను నేను నిందించుకుంటాననుకుంటున్నావేమో. పుస్తకాల్లో ముసలివాళ్లంతా ఆఖరి పేజీల్లో ఆ పనే చేస్తారు, చదివేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నా వంతు శిక్ష పడింది, దాని గురించి ఇంకా మాట్లాడటం గొప్పలు చెప్పుకోవడం.

ఒకటి ఆలోచించు. ఆమెకు దేవుడి మీద నమ్మకం ఉంటే నిన్ను పక్కకు జరగమని ఎందుకంటుంది? నమ్మినవాళ్లు నిరూపించరు. నువ్వు వెనక ఉన్నా లేకపోయినా ఆమెకు ఒకటే అయ్యేది. నేను అన్న మాట ఎక్కడో నిజమేమోనని ఆమెకు అనిపించింది. అందుకే రాతి మెట్టు ముందు ఒంటరిగా నిలబడింది. పదేళ్ల కాపురంలో నా మాట ఒక్కటీ చెవిన వేసుకోనిది, ఆ ఒక్క పొద్దున, ఆ ఒక్క మాటకి, తన దేవుణ్ణి పక్కన పెట్టి నన్ను నమ్మింది. ఎవరు నమ్మమన్నారు? నేనెప్పుడైనా నమ్మదగ్గవాడిలా కనబడ్డానా?

తమ్ముడూ, నేను ఇప్పటికీ తప్పు పట్టేది మీ వదినను.

అన్నయ్య